హీ అంటే ఆయన

హుసేన్ సార్ పోయారన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. నాతోపాటు పనిచేసి రిటైరైన రాయదుర్గం టీచరొకావిడ ఫోన్లో వేరే ఏదో మాట్లాడుతూ, "మీ ఇంగ్లీషు సార్ పోయినాడు కదక్కా, నీకు తెలీదా?" అంది. తెలీదు. ఆయన నాకు ఏడో తరగతిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. ఆయన్ని చూసే నేనూ ఇంగ్లీషు టీచరునయ్యాను. మర్నాడు పొద్దున్నే బుక్కరాయసముద్రంలో ఇంటికి తాళం వేసి బస్సెక్కాను. కళ్యాణదుర్గం దాటాక కిటికీలోంచి చూస్తే గుట్టల మీద గాలిమరలు నిదానంగా తిరుగుతున్నాయి. నా చిన్నప్పుడు ఆ గుట్టల మీద రాళ్ళూ, వాటి సందుల్లో ఎండిన గడ్డీ తప్ప ఏమీ ఉండేది కాదు. బెళుగుప్పకు చీలే దారి దగ్గర బస్సు ఆగింది. ఎవరో దిగారు. నేను దిగలేదు. ఆ దారిన పోతే వచ్చే మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. అయినా బస్సు మళ్ళీ కదిలేదాకా అటు తల తిప్పకుండా కూర్చున్నాను. అటు చూస్తే మా అవ్వ గొంతు వినిపిస్తుందేమోనని ఈ వయసులో కూడా నాకు భయం.

అవ్వ అంటే మా నాయన తల్లి. మా నాయన పేరు ఓబులేసు. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో, వరసగా వానలు తప్పిన కరువులో, ఊళ్ళోవాళ్ళతో కలిసి బళ్ళారి వైపు కాలవ కింది పొలాల్లో కూలికి పోయాడు. కోతలు అయిపోయాక అందరూ తిరిగొచ్చారు. ఆయన రాలేదు. తోడు పోయినవాళ్ళు చెప్పింది ఒకటే మాట: "హొసపేట కాడ కంపెనీ నాటకమోళ్ళు డేరా ఏసిండ్రి. ఒక్క ఆట చూసొస్తానని పోయినాడు. బస్సుకు రాలే. చూసి చూసి మేం ఎక్కొచ్చినాం." మా నాయనకు నాటకమంటే పిచ్చి. ఊళ్ళో ఎప్పుడు ఆడినా దుర్యోధనుడి వేషం ఆయనదే. చనిపోయాడనడానికి శవం లేదు, ఉన్నాడనడానికి మనిషి లేడు. అందుకని ఊరు ఆయనకు ఒక మాట ఎంచుకుంది. "ఓబులేసు గాయబ్." మా వైపు ఉర్దూ మాటలు తెలుగులో ఎప్పుడో కలిసిపోయాయి. మేక కనపడకపోయినా గాయబే, బావి గట్టున పెట్టిన చెంబు కనపడకపోయినా గాయబే. మా నాయన కూడా ఆ వరసలో చేరాడు.

అవ్వ మాత్రం ఆయన గురించి మాట్లాడేది కాదు. ఆయనతో మాట్లాడేది. పొద్దు గూకే వేళకు శెనక్కాయ పొట్టు ఎగదోసిన పొయ్యి మీద రాగి సంగటి ఉడికేది. ఆ పొట్టు కాలే వాసన, కొంచెం నూనె, కొంచెం మట్టి, ఇల్లంతా పట్టుకునేది. మా బట్టలకు, తలవెంట్రుకలకు కూడా. అవ్వ తెడ్డుతో గెలికి, తడిచేత్తో ముద్దలు చేసి, మొదటి ముద్దను ఎనామిల్ పళ్ళెంలో పెట్టి గోడవార జరిపేది. "తిను నాయనా. ఈ పొద్దు గుడక ఊరిబిండి పచ్చడే. కూర చేసేకి ఏమీ లేదు. అలగొద్దు" అనేది. ఆయన ఎదురుగా కూర్చుని మొహం ముడుచుకున్నట్టే బతిమాలేది. తర్వాత మేమందరం తినేవాళ్ళం. అందరిదీ అయ్యాక ఆ పళ్ళెం నా ముందుకు జరిగేది. సంగటి అప్పటికి చల్లబడి పైన తోలు కట్టి ఉండేది. మా నాయన తినని ముద్ద తింటూ నేను పెరిగాను. ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. నేనూ అనుకోలేదు. కానీ ఆ పళ్ళెం గోడవార ఉన్నంతసేపూ అటు కాళ్ళు చాపి కూర్చునేదాన్ని కాదు.

అమ్మ పేరు లక్ష్మక్క. ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. అందరికీ ఒకటే మాట, ఆయన. 'ఆయన సంతకు పోయినాడు', 'ఆయనకు జరమొచ్చింది' అంటే ఏ ఆయన అని ఎవరూ అడగరు. చెప్పే ఆడమనిషి మొగుడు ఎవరైతే ఆయన. మా నాయన రాకుండా పోయాక అమ్మ ఆ మాట పలకడం మానేసింది. ఊళ్ళో రెడ్డిని 'రెడ్డి' అనేది, మరిదిని 'తిప్పేస్వామి' అనేది, దారిన పోయేవాణ్ణి 'ఆ మనిషి' అనేది. ఎవరి గురించీ 'ఆయన' అనేది కాదు. మా ఇంట్లో ఆ ఒక్క మాటకు చోటు లేదని నాకు చాలా పెద్దయ్యాక గాని తెలియలేదు. చిన్నప్పుడు తెలిసిందల్లా అమ్మ తక్కువ మాట్లాడుతుందనే.

నాకు మా నాయన ముఖం తెలియదు. ఇంట్లో ఫొటో లేదు. నాకున్న జ్ఞాపకం ఒక్కటే. ఎవరో నన్ను ఎత్తుకుని నాటకం వేసే చోట తెర వెనక్కి తీసుకుపోయారు. అక్కడొక ఎర్రటి ముఖం, నల్లగా దిద్దిన కనుబొమలు, చెవుల దాకా సాగిన మీసం, ఆ రంగుల మధ్యన తెల్లటి పళ్ళు. ఆ ముఖం నవ్వి నన్ను ఎత్తుకుంది. రంగులో కలిపిన కొబ్బరినూనె వాసన. నేను ఏడ్చానంటారు. ఆ వేషం కింద ఏ ముఖం ఉండేదో నాకు గుర్తు లేదు. "నాయన ఎట్లుంటాడవ్వా?" అని అడిగితే, "అచ్చం నీ మాదిరే ఉంటాడు" అనేది అవ్వ. అప్పుడు నేను ఇత్తడి చెంబు తిప్పి తిప్పి అందులో నన్ను చూసుకునేదాన్ని. చెంబులో ముఖం సాగిపోయి, నాది కాకుండా, ఎవరిదో అయి కనిపించేది. భయమేసి బోర్లించి పెట్టేదాన్ని.

హుసేన్ సార్ రాయదుర్గం నుంచి మా ఊరి బడికి బదిలీ మీద వచ్చారు. మా వీధి చివర ఒక గది బాడుగకు తీసుకుని భార్యతో కాపురం పెట్టారు. ఆవిడను మేమంతా బీబమ్మ అనే పిలిచేవాళ్ళం. సార్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్లచొక్కాతో ఉండేవారు. ఏ ఇంగ్లీషు మాట చెప్పినా, "ఇది యాడనుంచి వచ్చిందో తెలుసునా?" అని మొదలుపెట్టేవారు. మాటకు పుట్టిల్లు తెలిస్తే ఆ మాట మరిచిపోరని ఆయన నమ్మకం. వచ్చిన కొత్తల్లోనే ఒకరోజు వ్యాకరణం చెబుతూ బోర్డు మీద పర్సన్ అని రాశారు.

"మాట్లాడేటోడు ఫస్ట్ పర్సన్. ఎదురుగుండి వినేటోడు సెకండ్ పర్సన్. వాళ్ళిద్దరూ ఎవరి గురించి మాట్లాడుకుంటారో ఆయప్ప థర్డ్ పర్సన్. ఐ, యూ, హీ."

నేను లేచి నిలబడ్డాను. "సార్, తెలుగయ్యవారు ప్రథమ పురుష అంటే వాడు, వాళ్ళు అని చెప్పినారు. ప్రథమ అంటే ఫస్టే కదా సార్? ఈడ థర్డ్ ఎట్లయితాది?"

సార్ సుద్దముక్క కింద పెట్టారు. ఆయన ముఖంలో అంత సంతోషం మళ్ళీ ఎన్నడూ చూడలేదు. "అడిగినావు చూడు, అదీ! సంస్కృతమోళ్ళు లెక్క ఆయప్పతో మొదలువెడతారు. వాడు, నువ్వు, నేను. నేను అనేది కడాకు. ఇంగ్లీషోళ్ళు గ్రీకోళ్ళనీ లాటినోళ్ళనీ చూసి నేర్చుకున్నారు. వాళ్ళు నేనుతో మొదలువెడతారు. ఎవరు యాడనుంచి లెక్కవెడితే వాళ్ళకు అదే మొదలు." అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ సార్ ఉత్సాహంలో ఉన్నారు. "నేను చిన్నప్పుడు మదర్సాలో నేర్చుకున్నది గుడక మీ తెలుగు మాదిరే, ఆయప్పతోనే మొదలు. పేర్లే వేరే. మాట్లాడేటోడు ముతకల్లిం. ఎదురుగుండేటోడు హాజర్. రోజూ పొద్దున మీరు చెప్పే హాజరు అదే."

పిల్లలు నవ్వారు. "మరి మూడో ఆయప్ప పేరేం సార్?" అని ఎవరో అడిగారు.

"ఆయప్ప ఈడ లేడు కదప్పా. అందుకని గాయబ్."

వెనక వరసలోంచి, "సరోజ వాళ్ళ నాయన సార్!" అన్న కేక, దాని వెంట తరగతి అంతా నవ్వు. సార్‌కు ఏమీ అర్థం కాలేదు. ఊరికి కొత్త. నవ్వుతున్న పిల్లల్ని, నిలబడే ఉన్న నన్ను మార్చి మార్చి చూశారు. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు. నాకు ఊపిరి తిరిగినట్టయింది. ఊళ్ళో మేక వెంట, చెంబు వెంట పడి ఉన్న మా నాయనకు పుస్తకంలో ఒక చోటు ఉందని, అదీ మూడు నాలుగు భాషల్లో ఉందని, తెలుగులో అయితే మొదటి చోటే ఆయనదని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని గట్టిగా వల్లె వేశాను. "హీ అంటే ఆయన. షీ అంటే ఆమె. హీ అంటే ఆయన." రొట్టె తడుతున్న అమ్మ చేయి ఆగింది.

"ఏమంటాండావు?"

"హీ అంటే ఆయన, అమ్మా. ఇంగ్లీషులో."

అమ్మ కొంచెంసేపు పొయ్యిలోకి చూసింది. "ఈడ లేనోళ్ళను ఏమంటారు ఇంగ్లీషులో?"

"హీ."

"చచ్చిపోయినోళ్ళను?"

"వాళ్ళను గుడక హీ."

"యాడో ఉండి, రానోళ్ళను?"

"హీ నే అమ్మా. అందరికీ అదే."

"మంచి మాటే" అంది అమ్మ. "ఏమీ అడగదు." మళ్ళీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

మరుసటి రోజు సార్ బీబమ్మను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. ఊళ్ళో ఎవరో చెప్పి ఉంటారు. గడప బయటే నిలబడి, "అమ్మా, నాకు తెలీకపాయె. బిడ్డను అందరి ముందర నొప్పిచ్చినాను" అన్నారు. అమ్మ తలుపు చాటునుంచి, "చదువు చెప్పినారు. దాంట్లో తప్పేముండాది?" అంది. అవ్వ మాత్రం చాప వేసి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. కూర్చున్నాక సార్‌కు ఏం మాట్లాడాలో తోచక నాకే పాఠం చెప్పారు. పర్సన్ అనే మాట లాటిన్‌లో నాటకాల నుంచి వచ్చిందట. ఆడేవాళ్ళు ముఖానికి తగిలించుకునే బొమ్మముఖానికి ఆ పేరుండేదట. తర్వాత వేసే వేషానికి, ఆ తర్వాత మనిషికే ఆ పేరు వచ్చిందట. "నాటకంలో మాదిరే మాటల్లో గుడక వేషాలుంటాయి. మాట్లాడే వేషం, వినే వేషం, ఇంకా రానోని వేషం" అన్నారు. నాకు ఎర్రటి ముఖం గుర్తొచ్చింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "మావోడు గుడక వేషం బాగా కడతాడు సార్. దుర్యోధనుడు. పద్యమెత్తుకుంటే పక్కూరికి ఇనపడతాది." సార్ తలదించుకుని విన్నారు. మరిచిపోలేదు.

ఆ యేడు మా చిన్నాయన తిప్పేస్వామికి పెళ్ళి కుదిరేట్టు వచ్చి ఆగిపోయింది. పిల్లనిచ్చేవాళ్ళు ఒకటే పట్టు పట్టారు. చావూ కాని, బతుకూ కాని ఇంట్లో పిల్లనివ్వం. పోయినాడని దినం చేసి తేల్చుకోండి, తర్వాత మాట్లాడదాం అన్నారు. కులపెద్దలు మా ఇంటికి వచ్చి అదే మాట చెప్పారు. దినం చేయడమంటే అమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు తుడిచేయడం. అవ్వ వాళ్ళ మీద మట్టి ఎత్తిపోసినంత పనిచేసింది. చిన్నాయన ఎవరి ముఖం చూడకుండా కూర్చున్నాడు. అమ్మ ఒక్కటే అంది, "వాన పడి ఇత్తనమేసినాక చెప్తా."

సరిగ్గా ఆ రోజుల్లోనే సార్ సెలవుల్లో రాయదుర్గం పోయి ఒక కబురు తెచ్చారు. అక్కణ్ణుంచి అవతలికి, కర్ణాటకలో ఒక ఊళ్ళో జాతర. నాటకాలవాళ్ళు వస్తారు. వాళ్ళలో దుర్యోధనుడి వేషం కట్టేవాడు అనంతపురం వైపు మనిషని, ఓబన్న అని పిలుస్తారని ఎవరో చెప్పారట. చెప్పాలా వద్దా అని సార్ బీబమ్మతో రెండు మూడు రోజులు తర్జనభర్జన పడ్డాకే మాకు చెప్పారట. వినగానే అవ్వ లేచి నిలబడింది, అంత దూరం పోలేనని మళ్ళీ కూర్చుంది. చిన్నాయన, "కనపడితే ఏం చేస్తావొదినా? కనపడకపోతే ఏం చేస్తావు?" అన్నాడు. ఎన్నాళ్ళకో ఒక పదును వాన పడింది. తడి ఆరకముందే శెనక్కాయ విత్తాలి. చిన్నాయన విత్తే గొర్రు వదిలి రాలేనన్నాడు. అది సాకో నిజమో నాకిప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటుంది. అమ్మ, నేను, దారి తెలిసినవాళ్ళని సార్, ముగ్గురం బయలుదేరాం. అమ్మ ఎప్పటి చీరే కట్టుకుంది గాని బొట్టు మాత్రం రోజూకన్నా పెద్దది పెట్టుకుంది.

రాయదుర్గంలో సార్ వాళ్ళింట్లో, మాకంటే ముందే అక్కడికి పోయి ఉన్న బీబమ్మ దగ్గర పడుకుని, తెల్లవారగానే మరో బస్సెక్కి ఆ ఊరు చేరాం. నాటకం తెల్లారుజామునే అయిపోయిందట. మైదానంలో చాపలు చుడుతున్నారు. బొరుగులు, చెరుకు పిప్పి, పడుకున్న పిల్లల్ని భుజాన వేసుకుని పోయేవాళ్ళు. బడి వెనక బోరింగ్ దగ్గర వేషాలవాళ్ళు రంగు కడుక్కుంటున్నారని ఎవరో చూపించారు. వేషాలు సగం విప్పారు. ఒంటి మీద పంచెలు, మెడ దాకా మామూలు మనుషులు, పైన దేవుళ్ళూ రాజులూ. ఒకడు నీలం ముఖంతో బీడీ తాగుతున్నాడు. వాళ్ళ అవతల, బోరింగ్ రాయి మీద కూర్చుని, ఎర్రటి ముఖం, చెవుల దాకా మీసం.

"నాయనా!" అని అరిచాను. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చింది. నాకు తెలిసిన ముఖం అదొక్కటే.

అతను తలెత్తాడు. ఆ రంగులో కళ్ళు మాత్రమే కదిలాయి. నా వంక చూశాడు, అమ్మ వంక చూశాడు. తర్వాత అరచేతిలోకి కొబ్బరినూనె వంచుకుని నెమ్మదిగా ముఖం రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నాటకాల ఆడమనిషి ఒకామె చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఎర్రటి నీళ్ళు అతని మోచేతుల మీదుగా కారి మట్టిలో ఇంకుతున్నాయి. మీసం చెరిగింది. కనుబొమలు చెరిగాయి. రంగు కింద నుంచి ఒక ముఖం బయటికొచ్చింది. బుగ్గలు లోపలికి పోయి, అలసిపోయిన, మామూలు ముఖం. దాన్ని చూసి నాకు ఏమీ తెలియలేదు. ఇదేనా? కాదా? ఆ ముఖంలో నా ముఖం వెతికాను. చెంబులో చూసుకున్నప్పటిలాగే సాగిపోయి, ఎవరిదో అయిపోయింది. నాకు ఆ ముఖం గురించి చెప్పగలిగింది ప్రపంచంలో అమ్మ ఒక్కతే. అందుకని తిరిగి అమ్మ ముఖంలోకి చూశాను.

అమ్మ చూస్తోంది. నీళ్ళు పోస్తున్న ఆడమనిషినీ చూసింది, ఆమె చేతులనూ చూసింది. అతను తుడుచుకోవడానికి గుడ్డ కోసం చేయి చాపితే ఆమె అడగకుండానే అందించడం కూడా చూసింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. చివరికి అమ్మ సార్ వైపు తిరిగి, చాలా మామూలుగా, "ఆయన కాదు సార్. పోదాం" అంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత అమ్మ నోట నేను 'ఆయన' అన్న మాట వినడం అదే మొదలు.

నా చేయి పట్టుకుని నడిచింది. గట్టిగా పట్టుకుంది, గాజులు నా మణికట్టుకు గుచ్చుకున్నాయి. వెనక్కి చూడబోతే, "దోవ చూసి నడువు" అంది. సార్ మా వెంట వెంటనే రాలేదు. కాసేపాగి వచ్చి బస్సు దగ్గర కలిశారు. రాయదుర్గంలో బీబమ్మ బొరుగులతో వేడివేడిగా ఉగ్గాని చేసి పెట్టింది. అమ్మ పళ్ళెం ఖాళీ చేసి, మరికొంచెం వేయించుకుని తింది. అమ్మ అంత ఆకలిగా తినడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికొచ్చాక అవ్వతో, "నీ కొడుకు కాదత్తా" అంది. అవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి, "సరేలే" అని సంగటికి ఎసరు పెట్టింది. ఆ పూట కూడా మొదటి ముద్ద గోడవారకే పోయింది. విత్తనం పని అయ్యాక పెద్దలు మళ్ళీ వచ్చారు. అమ్మ ఈసారి తలుపు చాటుకు పోలేదు. "నేను చూసొచ్చింది వేరే మనిషిని. చచ్చినోన్ని చూసి రాలే. ఎవరికని చేస్తారు దినం? నా గాజులు నేను తీయను" అంది. పెద్దలు లేచి వెళ్ళిపోయారు. ఆ సంబంధం పోయింది. కొన్నాళ్ళకు చిన్నాయనకు వేరే ఊరి పిల్ల కుదిరింది, వాళ్ళు ఏమీ అడగలేదు. కానీ ఆ ప్రయాణం తర్వాత అమ్మ మారింది. రాని మాట ఏదో తిరిగొచ్చినట్టు, "ఆయనకు ఉలవచారంటే ఇష్టంగా ఉండె", "ఆయన ఇట్లనే తల దువ్వుకుంటాండె" అని మామూలుగా చెప్పేది. ఇంట్లో ఒకే మనిషి గురించి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఒకామె ఎదురుగా ఉన్నట్టు, ఇంకొకామె ఎప్పుడో అయిపోయినట్టు. మధ్యలో నేను చల్లారిన ముద్ద తినేదాన్ని. అవ్వ పోయేదాకా ఇలాగే జరిగింది.

తర్వాత నేను చదువుకుని, టీచరునై, అమ్మను బుక్కరాయసముద్రం తెచ్చుకున్నాను. ట్రైనింగులో ఉండగా పెద్ద నిఘంటువు తీసి పర్సన్ అన్న మాట వెతికాను. సార్ చెప్పినట్టే ఉంది, లాటిన్ మాట, నాటకంలో పెట్టుకునే బొమ్మముఖం. ఆ పుట ముందు చాలాసేపు కూర్చున్నాను. చెరిగిపోతున్న ఎర్రరంగే కళ్ళముందు. నా ఉద్యోగమంతా ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పాను, ప్రతి ఏడూ థర్డ్ పర్సన్ అని రాసేటప్పుడు వెనక ఎవరో నిలబడ్డట్టే ఉండేది. అమ్మను మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద ఒకసారి అడగబోయాను. నా ముఖం చూసి తనే, "ఏమీ అడగొద్దులే" అంది, కోపం లేకుండా. పోయాక స్నానం చేయించేటప్పుడు బంధువొకామె కుంకుమ భరిణె పట్టుకుని నా చెవిలో, "పెట్టల్నా, వద్దా?" అంది. "పెట్టండి" అన్నాను. ఏం తెలిసి అన్నానో నాకే తెలియదు.

ఇప్పుడు ఎవరూ అట్లా మాయం కాలేరు. ఒక గంట ఫోను ఎత్తకపోతే ఇల్లంతా కంగారు పడతాం, ఎక్కడున్నాడో తెర మీద చుక్కగా కనిపిస్తుంది. మా పక్కింటి పిల్ల గ్రామరు ఫోన్లోనే నేర్చుకుంటుంది, నాకంటే బాగా చెబుతుంది. మంచిదే. కానీ ఒక మనిషి కోసం జీవితాంతం పళ్ళెం పెట్టగలిగిన ఓపిక గాని, ఎదురుగా ఉన్న మనిషిని ఒక్కమాటతో వదిలేసి రాగలిగిన ధైర్యం గాని నాకు ఇప్పుడు ఎవరిలోనూ కనిపించడం లేదు. నాలోనూ లేవు. అవి మంచివని కూడా అనను. ఆ కరువులో అవి తప్ప ఆ ఆడవాళ్ళ చేతిలో వేరే ఏమీ లేవు.

రాయదుర్గంలో సార్ వాళ్ళ వీధి గుర్తుపట్టలేనంత మారింది. అటూ ఇటూ జీన్సు కుట్టే షెడ్లు, మిషన్ల రొద, కాలవలో నీలం నీళ్ళు. సార్ పోయాక బీబమ్మ ఇద్దత్‌లో ఉంది, ఆ నాలుగు నెలల పది రోజులూ గడప దాటదు. లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే చేతులు పట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మీ అమ్మ పోయినప్పుడే సారు నీకు చెప్తానంటాండె. మళ్ళా వద్దులే అంటాండె" అంది.

"ఏం చెప్తాననె?"

"ఆ జాతర ఊరి సంగతి." ఆమె గొంతు తగ్గించింది, ఇంట్లో ఎవరూ లేకపోయినా. "మీ అమ్మ నిన్ను పట్టుకోని పోతాంటే, ఆ మనిషి సారును ఆపి అడిగినాడంట. ఆ పాప ఏం చదువుతాంది, అని."

పక్క షెడ్డులో మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్తాడమ్మా? 'కట్టుకున్న ఆమె కాదనె. ఔనని చెప్పేకి నేనెవరు?' అంటాండె. ఊరికే అడిగిండొచ్చు కదా, పిల్లోళ్ళను చూసి ఎవరైనా అడుగుతారు, అని గుడక అంటాండె. దినామూ అదే ఆలోచన సారుకు."

"సార్ ఏమని చెప్పినాడు ఆ మనిషికి?"

"ఏడో తరగతి, ఇంగ్లీషులో తెలివైంది, అని చెప్పినాడంట."

"అప్పుడేమన్నాడు?"

"ఏమీ అనలేదంట" అంది బీబమ్మ. "మొగాన రంగు అప్పటికే అంతా పోయిండాది. అయినా మళ్ళా బోరింగ్ కిందికి వొంగి మొగం కడుక్కునేకి మొదలుపెట్టినాడంట. సార్ ఆడనే నిలబడి చూసినాడు. మీ బస్సు హారను కొట్టేదాంకా కడుక్కుంటానే ఉండాడంట."